గమ్మునుంటే ఒప్పుకున్నట్లేనా?

"దాని నోటితో దాన్నే చెప్పమను! మధ్యలో మాట్లాడేదానికి నువ్వెవరు పాపా?"

స్పీకర్ పెట్టిన ఫోను మంచం మీద పడుంది. అందులోంచి మేనత్త మైమూన్ పుప్పూ అరుస్తాంది. జమ్మలమడుగులో కూర్చోని ఆమె అరిస్తే పులివెందుల హాస్టల్లో పక్క గదోళ్లు తలుపు తీసి చూడాల్సిందే, అట్లాంటి గొంతు. దేవుడు అందులో పావలా వంతన్నా మేనకోడలు సాజియాకు ఇచ్చింటే ఈ రచ్చే ఉండేది కాదు. సాజియాకు ఈ వారం గొంతే లేదు.

"నేను చందనను అత్తా, సాజియా రూమ్మేటును. మాది సింహాద్రిపురం." చందన నడుము మీద చెయ్యి పెట్టుకొని, అవతల మనిషి ఎదురుగా నిలబడినట్లే మాట్లాడతాంది. "మీ పిల్లకు గొంతు వాచి చీము పట్టిండాది. ఉమ్ము మింగాలన్నా కండ్లల్లో నీళ్లు కారతాండాయి. నోరు కదపొద్దని డాక్టరు గట్టిగా చెప్పినాడు. అందుకని అది నా ఫోన్లో రాస్తాంది, నేను చదువుతాండా. ఇనండి. 'పుప్పూ, నేను నికాకు ఒప్పుకోల్యా. నిన్న మీరు అడిగినప్పుడు గమ్మునుండింది గొంతు రాక.' ఇదీ అది రాసింది."

"రాత ఎవరైనా రాస్తారు!" పుప్పూ ఇంకో మెట్టు ఎక్కింది. "నిన్న మా ఇంట్లో పెద్దమనుషులందరినీ కూర్చోబెట్టి, అందరూ ఇనేటట్ల ఫోన్ పెట్టి అడిగినా. జావేద్‌తో నీ నికాకు ఇజాజత్ ఇస్తాండావా బిడ్డా, సమ్మతమేనా అని మల్లమల్ల అడిగినా. కాదనిందా? అనల్యా. గమ్మునుండె. పెండ్లికూతుర్ని అడిగినప్పుడు గమ్మునుంటే ఒప్పుకున్నట్లే. మా తాతల కాలం నుంచి వస్తాండే రివాజు. పెద్దోళ్లు దువా చేసిరి, షర్బత్ తాగిరి, వీధంతా మిఠాయి పంచితిమి. ఇప్పుడొచ్చి గొంతు నొప్పంటే ఎట్ల?"

"మా నాయన చీనీతోట కౌలుకిచ్చేటప్పుడు గూడా అవతలోనితో నోరు తెరిపించి 'సరే' అనిపించుకుంటాడత్తా. తోటకున్నపాటి విలువ గూడా పిల్లకు లేదా?"

సాజియా చందన మోచెయ్యి పట్టుకొని లాగింది. నవ్వొచ్చింది గానీ నవ్వేదానికి గూడా గొంతు కావాల కదా.

"నీతో నాకు మాటలేంది! ఏమే సాజియా, ఇంటాండావని నాకు తెల్సు. శుక్రవారం జుమా నమాజు కాంగానే నికా. జావేద్ కువైట్ నుంచి వీడియోలో కూర్చుంటాడు. మీ అబ్బా, అమ్మీ ప్రొద్దుటూర్లో బాడుగ కారెక్కినారు. దోవలో నన్ను ఎక్కించుకుంటారు. మధ్యాన్నానికి ఆడుంటాం, బట్టలు సర్దుకో. ఇంట్లో వేడివేడి గంజి తాగితే ఆ గొంతు అదే బాగవుతాది."

ఫోన్ కట్టయింది. చందన ఆ ఫోను వైపు చూసి, "వాయబ్బో," అనింది.

సాజియా గోడకు ఆనుకొని కూర్చునింది. ఎడమ పక్క దవడ కింద చెయ్యి పెడితే కాలుతాంది. నొప్పి చెవి దాకా పాకింది. మింగితే గాజుపెంకు దిగినట్లుంది, మింగకుంటే నోట్లో ఊరే ఉమ్ము ఆగదు. చేతిలో ఒక గ్లాసు పెట్టుకొని అందులో ఉమ్ముకుంటా కూర్చుండేది ఎంత సిగ్గుచేటో పడినోళ్లకే తెలుస్తుంది. చందన వాళ్ల నాయన పంపిన చీనీకాయలు మంచం కింద బుట్టలో మగ్గి గదంతా వాసన కొడతాండాయి. ఆ పులుపు తలుచుకుంటేనే ఆమెకు దవడలు లాగుతాండాయి.

మొదట్లో ఏదో గరగర అనుకునింది. ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం, ప్రాజెక్టు నెత్తి మీదుంది. ఎండలో తిరిగొచ్చి ఐసునీళ్లు తాగడం, మెస్సులో ఎర్రకారం దోసె తినడం, నొప్పెక్కినాక మెడికల్ షాపులో ఏదో ఒక గోలీ తెచ్చి మింగడం. ఇంటికి చెప్పల్యా. చెప్తే అమ్మీ బెంగపడుతుంది, అబ్బా వచ్చి తీసుకపోతానంటాడు. అట్ల దాచి దాచి జ్వరమొచ్చి పడినాక నిన్న పొద్దున చందనే అమ్మీకి ఫోన్లో చెప్పి, ఆటోలో ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకపోయింది. డాక్టరు టార్చి వేసి, నాలిక అదిమి చూసి, "ఇన్ని దినాలు ఏం చేస్తాంటివమ్మా? ఇంగ కొంచెం ఆలస్యమైంటే కోసి చీము తీయాల్సి వచ్చేది" అని తిట్టి సూదేసినాడు.

ఆస్పత్రి నుంచి వచ్చి పడుకున్న కొంచేపటికే పుప్పూ ఫోన్. సాజియా ఎత్తింది. అడిగింది ఇనింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏం రాల్యా. అవతల ఎవరో పెద్దాయన "పిల్ల సిగ్గుపడతాంది" అన్న్యాడు, అందరూ నవ్విరి, అల్‌హమ్దులిల్లా అనిరి. మంచం మీద అరచేత్తో కొట్టింది, ఊపిరంతా కూడదీసుకొని వద్దు అనబోయింది. లైను అప్పటికే పోయింది. తర్వాత చేస్తే ఎవ్వరూ ఎత్తల్యా. శుభకార్యంలో ఉండే ఇంట్లో ఫోన్లు ఎవరికి ఇనపడతాయి!

జావేద్ చెడ్డోడేం కాదు. పుప్పూ మొగుని తమ్ముని కొడుకు, చిన్నప్పుడు జమ్మలమడుగులో చూసిన మనిషే. కువైట్లో పని, నెత్తిన బాధ్యతలు, మంచి పేరు. అయితే ఏం? సాజియాకు ఆ పిల్లోడంటే పెండ్లి చేసుకోవాలనిపించదు, అంతే. ఇష్టం లేనిదానికి ఇంగో కారణం యాడ తెచ్చేది!

ఫోన్ మల్ల మోగింది. ఈసారి అమ్మీ.

"సాజీ, మాట్లాడొద్దు. నేను చెప్పేది ఇను," మెహబూబున్నీసా గుసగుసగా అనింది. వెనక లారీల హారన్లు ఇనపడతాండాయి. "జమ్మలమడుగులో ఉండాం. మీ అబ్బా పుప్పూను పిల్చేదానికి ఇంట్లోకి పోయినాడు. బిడ్డా, నేను నిన్న పొద్దున్నే మీ పుప్పూకు చెప్పినా. దానికి గొంతు రాదు, రెండు దినాలు తాళు అని. 'అడిగేది ఉత్త రివాజే కదా, దానికి గొంతెందుకు' అనె. నన్ను ఆ గదిలోకే రానీల్యా."

సాజియా కండ్లు మూసుకునింది. తెలిసే అడిగినారన్నమాట.

"ఇప్పుడు నేనడుగుతాండా. నీకు ఇష్టముంటే ఫోన్ మీద ఒకసారి తట్టు. లేకుంటే రెండుసార్లు."

సాజియా గోటితో ఫోను మీద రెండుసార్లు కొట్టింది. ఆగి, మల్ల రెండుసార్లు. మల్ల కొట్టింది. చందన వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొడతానే ఉంది.

"సరే," అనింది అమ్మీ. "తెల్సింది." ఫోన్ పెట్టేసింది.

చందన కిటికీ దగ్గర అటూ ఇటూ తిరగతా ఉపాయాలు చెప్పింది. "ఆస్పత్రిలో అడ్మిట్ అవుదాం పా. లేకుంటే మా ఊరికి పోదాం, మా తోటలో దాంకో. అదీ కాకుంటే చెప్పు, మా నాయనకు ఒక్క ఫోన్ కొడతా. సింహాద్రిపురం నుంచి నాలుగు బండ్లు దిగుతాయి హాస్టల్ ముందర!"

సాజియా ఫోన్లో రాసి చూపించింది. *ఇది మా ఇంటి కొట్లాట. దాంకోను. నేనే కొట్లాడతా.*

"దేంతో కొట్లాడతావే? గొంతు యాడుంది నీకు?"

*గొంతు లేకుంటే ఏం? నేనుండా కదా.*

చందనకు కోపం, ముద్దు రెండూ వచ్చినాయి. "ఉండావులే తల్లీ," అని మెస్సుకు పోయి వేడినీళ్లు తెచ్చింది. సాజియా ఉప్పేసుకొని పుక్కిలించింది. ఉప్పునీళ్లు ఆ పుండుకు తగిలితే వాష్‌బేసిన్ గట్టిగా పట్టుకొని నిలబడింది. ఉమ్మి మల్ల పుక్కిలించింది. పెరుగన్నం జావ లెక్క పిసికిస్తే చుక్క చుక్క దించుకునింది, మాత్ర వేసుకునింది. ఒక్క మాటకు సరిపోయేంత గొంతు కావాల ఆమెకు. బాత్రూంలో తలుపేసుకొని "ఊఁ" అని చూసింది. తుప్పు పట్టిన గడియ తీసినట్లు చప్పుడొచ్చింది. ఎంత చెడ్డగా వస్తేనేం, వచ్చింది కదా! పుప్పూతో తీయగా మాట్లాడే ఉద్దేశం ఆమెకు ఎట్లాగూ లేదు.

బట్టలు మాత్రం సర్దల్యా. బ్యాగు బీరువా మీదనే ఉంది.

మధ్యాన్నం వాచ్‌మన్ కబురు పెట్టినాడు. విజిటర్స్ గదిలో ముగ్గురూ కూర్చోనుండారు. అబ్బా ఇక్బాల్ ప్రొద్దుటూర్లో మగ్గం వర్కు చేస్తాడు. పెండ్లికూతుర్ల రైకల మీద జరీ పువ్వులు కుట్టే చేతులు, నెమ్మది మనిషి. అక్కకు ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగడు. అమ్మీ ఒళ్లో గంజి ఫ్లాస్కు పెట్టుకొని మూలన కూర్చునింది. హాస్టల్ వార్డెన్ సుధారాణి మేడమ్ టేబుల్ ముందర కూర్చోని ఏదో పని చేసుకుంటాంది.

సాజియా కనపడంగానే పుప్పూ లేచొచ్చి నుదురు మీద చెయ్యి వేసింది. "యా అల్లా, ఎట్ల కాలుతాందో చూడు! ఎంత పీక్కపోయినావే నా బంగారూ." ఆ కన్నీళ్లు నాటకం కాదు. చిన్నప్పుడు అమ్మీ మంచాన పడుంటే సాజియాను ఎత్తుకొని పెంచింది ఆమే. అదే కదా కష్టం. పరాయోళ్లయితే తలుపేసుకోవచ్చు.

"పా పోదాం. సంచీ యాడ?" అనింది పుప్పూ.

సాజియా తల అడ్డంగా ఊపింది.

"తల ఊపేది కాదు. సంచీ యాడ?"

సాజియా రాసి అబ్బాకు చూపించింది. ఇక్బాల్ కండ్లద్దాలు పెట్టుకొని చదివినాడు. చదివినాక ఫోను వెనక్కిచ్చినాడు, బిడ్డ మొగం వైపు చూడల్యా.

"నువ్వు ఒప్పుకున్యావని చెప్తేనే నేను మాటిచ్చినా బేటీ," అన్న్యాడు నెమ్మదిగా. "మసీదు దగ్గర పెద్దోళ్ల ముందర ఇచ్చినా. ఇప్పుడు కాదంటే మీ పుప్పూ ఆ ఇంట్లో ఎట్ల తలెత్తుకుంటాది?"

"తల గాదు, కాలు గూడా పెట్టలేను ఆ ఇంట్లో!" పుప్పూ అందుకునింది. "పెండ్లయితే చదువు మానమంటాండామా? పరీక్షలు రాసుకోమను. వీసా వచ్చినాక పోతాది. ఇంత మంచి సంబంధం, ఏం తక్కువైందని? జావేద్‌లో ఏం వంక చూసినావో చెప్పు, ఇంటా."

వంక లేదని సాజియా రాసింది. ఇష్టం లేదని రాసింది. పుప్పూ ఆ ఫోనును పక్కకు నెట్టింది.

"ఈ రాతలు నాకొద్దు. దీని పక్కన ఒక వకీలమ్మ ఉండాది, పొద్దున ఫోన్లో నాతో ఎట్ల మాట్లాడిందో. ఈ మాటలన్నీ ఆ పిల్ల నూరిపోసినవే."

గది తలుపు బయట నిలబడిన వకీలమ్మ లోపలికి తల పెట్టబోయి, సాజియా చూపు చూసి ఆగిపోయింది.

ఫ్యాను తిరుగుతాంది. అమ్మీ ఫ్లాస్కు మూత తిప్పుతాంది, మల్ల బిగిస్తాంది. ఇక్బాల్ తన వేళ్లు తానే చూసుకుంటాండాడు, సూదిపోట్లతో గరుకు తేలిన వేళ్లు.

పుప్పూ వార్డెన్ వైపు తిరిగింది. "మేడమ్, పిల్లకు ఒంట్లో బాగలేదు. ఇంటికి తీస్కపోతాం. పంపిచ్చండి."

సుధారాణి తలెత్తి అందర్నీ చూసింది. "పెద్దపిల్ల కదమ్మా. దాన్నే అడుగుతా. ఏం సాజియా, పోతావా మీవాళ్లతో?"

సాజియా నోరు తెరిచింది. గొంతులో ఏదో అడ్డం పడింది. పొద్దున్నుంచి దాచుకున్న ఆ కాస్త గొంతు సరిగ్గా ఇప్పుడే చేతికి దొరకల్యా. నొప్పి చెవిలోకి కొట్టింది, కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. చెయ్యి ఫోను కోసం వెతుకుతాంది.

"చూసినారా మేడమ్, గమ్మునుంది," అనింది పుప్పూ. "ఏడుస్తాంది పాపం, ఇంటి మీద బెంగ. పోతాది. పా బిడ్డా!"

మల్ల అదే మాట. నిన్న ఫోన్లో, ఈ పొద్దు మొగం మీదనే.

సాజియా ఫోను బెంచీ మీద పెట్టేసింది. అక్కడున్న నీళ్ల బాటిలు ఎత్తి ఒక గుక్క మింగింది. మింగేటప్పుడు మొగం ముడుచుకపోయింది, మెడ నరాలు బిగుసుకున్యాయి. అందరూ చూస్తానే ఉండారు.

"పోను."

ఆ గొంతు ఇని పుప్పూ ఒకడుగు ఎనక్కేసింది. మనిషి గొంతు మాదిరి లేదు అది, గరుకు రాయి ఈడ్చినట్లుంది.

"బిడ్డా, మాట్లాడొద్దు, నొప్పి..." ఇక్బాల్ లేచినాడు.

"నొప్పే." సాజియా ప్రతి మాటకూ ఆగి ఊపిరి పీల్చుకుంటాంది. "అబ్బా. మీరు అడగండి. ఇప్పుడు."

"ఏంది?"

"నన్ను... మీరు అడగల్యా. ఎవరో అడిగిరి. మీరు అడగండి."

ఇక్బాల్ అక్క వైపు చూసినాడు. అడిగితే ఏం చెప్తుందో ఆయనకు తెలుసు. అడగనంత సేపూ ఇచ్చిన మాట నిలబడుంటుంది. నెమ్మది మనిషికి అదొక నీడ.

"అడిగేది అయిపోయింది!" అనింది పుప్పూ. "ఒకసారి అడిగినాక మల్ల మల్ల అడగరు. ఇక్బాల్, పిల్ల చెయ్యి పట్టుకో, కారెక్కించు."

"అడగండి," అనింది మూల నుంచి మెహబూబున్నీసా. ఈ గదిలోకి వచ్చినాక ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

ఇక్బాల్ కండ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్యాడు. గొంతు సవరించుకున్యాడు. "బేటీ... జావేద్‌తో నికాకు... ఇజాజత్ ఇస్తాండావా?"

"ఇయ్యను." గొంతు చీలింది. దగ్గొచ్చి వంగిపోయింది, దవడ పట్టుకునింది, మల్ల నిటారుగా నిలబడింది. "నిన్న గూడా ఇయ్యల్యా. రేపు గూడా ఇయ్యను. గొంతు బాగైనాక గట్టిగా చెప్తా. జమ్మలమడుగుకు వచ్చి చెప్తా. స్పీకర్ పెట్టుకోండి."

తలుపు బయట చందన "అబ్బబ్బా" అనుకునింది పైకే.

పుప్పూ బెంచీ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. "ఇంటివా ఇక్బాల్? నా చేతుల మీద పెరిగిన పిల్ల! జ్వరంలో ఏదో మాట్లాడతాంది. ఆడబిడ్డ అట్ల ముందర పడి చెప్తుందా యాడన్నా? సిగ్గూ శరమూ ఉండేది గమ్మునుంటాది, అదే అందం. నీ పెండ్లిలో ఏమైందీ? నేనే కదా అడిగింది."

మునిగిపోయేటోనికి చేతికేదో దొరికినట్లు ఇక్బాల్ చప్పున భార్య వైపు తిరిగినాడు.

"అవును మెహబూబ్, నువ్వన్నా చెప్పు దానికి. గమ్మునుండేది ఒప్పుకోవడమే అని. మన నికాలో నిన్ను అడిగితే నువ్వు గూడా గమ్మునే ఉంటివి కదా."

"ఉంటి," అనింది మెహబూబున్నీసా. "నాకప్పుడు గొంతు నొప్పి గూడా లేదు."

వార్డెన్ చేతిలో పెన్ను అట్లే నిలబడిపోయింది. పుప్పూ నోటికి అడ్డం పెట్టిన కొంగు తీయడం మరిచింది.

ఇక్బాల్ భార్య వైపు ఒకడుగు వేసినాడు. "అంటే?" అన్న్యాడు. "పలికింటే... ఏమని చెప్పిండేదానివి?"

మెహబూబున్నీసా లేచి బుర్ఖా సర్దుకునింది. పోయి బిడ్డ పక్కన నిలబడింది, మొగని కండ్లల్లోకి చూసింది.

"ఇన్నేండ్లకు అడిగినారు. ముందు దాని సంగతి తేల్చండి," అనింది. "నా మాట ఇంటికి పోయినాక చెప్తా."